బంగారు మొహం ఈగ

మా అమ్మ వెంకటరత్నమ్మకి నా ఉద్యోగం గురించి ఎవరికైనా చెప్పాలంటే ఇప్పటికీ నామోషీ. "మా తేజేశ్వర్ సైంటిస్టండీ" అంటుంది. దేంట్లో అని అడిగితే "వ్యవసాయంలో" అంటుంది. ఇంకా తవ్వితే కాఫీ కలిపే వంకతో వంటింట్లోకి లేచిపోతుంది. డాక్టరేట్ చేసిన కొడుకు ఈగలు పెంచుతున్నాడని మాత్రం చచ్చినా నోటితో అనదు.

ఆవిడ అనకపోయినా నిజం అదే. కంకిపాడు దాటి ఉయ్యూరు వెళ్ళే దారిలో, కొందరు చెరకు రైతులు సంఘంగా కలిసి పెట్టుకున్న ల్యాబ్‌లో నేను ఈగలు పెంచుతాను. అన్నం మీద వాలే ఈగలు కావు. చూడటానికి మా ఈగ వాటికి అన్నగారిలా ఉంటుంది, కాస్త లావు, ఒంటినిండా గట్టి వెంట్రుకలు. ఆడ ఈగ చెరకు గడకి పురుగు తొలిచిన కన్నం ఎక్కడుందో వెతుక్కుని వెళ్ళి, ఆ గుమ్మంలో పిల్లల్ని వదిలిపెడుతుంది. గుడ్లు కాదు, కదిలే పిల్లల్నే. ఆ పిల్ల పాక్కుంటూ లోపలికి పోయి, పురుగు ఒంట్లో కాపురం పెట్టి, దాన్ని తింటూ పెరుగుతుంది. పురుగు పోతుంది, గడ మిగులుతుంది. ఇంత ఉపకారం చేసే జీవిని పరాన్నజీవి అని తిట్టినట్టు పిలుస్తాం, అదొక్కటే నాకు బాధ.

ల్యాబ్ అంటే పెద్దగా ఊహించుకోకండి. రెండు గదులు, ఒక ఏసీ, ఆరు బోనులు, ఒక మైక్రోస్కోపు, ఒక ఫ్రీజర్. మనుషులం ఇద్దరం, నేనూ నాగదుర్గగారూ. ఆవిడ అసిస్టెంటు. నేను చేరి మూడేళ్ళయితే ఆవిడ చేరి ఇరవై రెండేళ్ళు. నా ముందు పనిచేసిన నలుగురు సైంటిస్టులూ ఆవిడ చేతి టీ తాగే వెళ్ళారు. పుట్టిల్లు నేతపనివాళ్ళది. తండ్రి నూలుకి రంగులు వేసేవాడట. ఎనిమిదో ఏటి నుంచీ కండెలు చుట్టిన చెయ్యి ఆవిడది. ఈగ వీపు మీద వెంట్రుకలు లెక్కపెట్టమంటే "ఈ వరసలో నాలుగు పోగులండి సార్" అంటుంది. వెంట్రుకలు అనాలని మొదట్లో సరిదిద్దేవాణ్ణి. తర్వాత విసుగొచ్చి వదిలేశాను.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కిందటేడు దసరాకి ఆవిడ ఆయుధపూజ అని మైక్రోస్కోపుకి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, బోను పక్కన అగరొత్తి వెలిగించింది. పొగకి ఈగలు చస్తాయన్న భయం కొంత, చదువుకున్నవాణ్ణన్న పొగరు కొంత, గొంతు చించుకుని అరిచాను. మర్నాడు నోటీసు టైపు చేయించి తలుపుకి అంటించాను. "ల్యాబ్‌లో పసుపు, కుంకుమ, పువ్వులు, అగరొత్తులు నిషేధం. ఉల్లంఘించినవారిపై చర్య తీసుకోబడును." కింద నా సంతకం. సంతకం ముందు డాక్టర్ అని కూడా రాసుకున్నాను. ఆవిడ దాన్ని రెండుసార్లు చదివి "అలాగే సార్" అని, మైక్రోస్కోపు మీది పసుపుని స్పిరిట్ దూదితో తుడిచేసింది. మళ్ళీ ఆ మాటెత్తలేదు.

ఈ ఏడు నా టైం బాగాలేదు. ఆగస్టులో ఒక విడత, సెప్టెంబరు మొదట్లో ఒక విడత, రెండుసార్లూ ఈగలు చక్కగా జత కట్టాయి. తీరా కడుపులు నిండే సమయానికి బోనుల అడుగున రాలిపోయాయి. కారణం ఇప్పటికీ తెలియదు. ఆ రెండు విడతల కోసమూ ఎదురుచూసింది ఒకే రైతు, బసవపున్నయ్యగారు. ఉయ్యూరు పక్కన నాలుగెకరాల చెరకు వేసి, సొంతంగా బెల్లం వండుకుంటారు. ఆయన చేలో కణుపు తొలిచే పురుగు పడింది. ఆరడుగులు దాటిన చెరకులోకి మందు పంపు వీపుకి తగిలించుకుని దూరగలిగే మనిషి ఇంకా పుట్టలేదు. ఆయనకి మా ఈగలే దిక్కు. మూడో విడతలో ఆరువందల పైచిలుకు ఈగలు మూడు బోనుల్లో ఉన్నాయి. ఇవి కూడా పోతే ఈ ఏటికి ఆయన చేను పోయినట్టే.

మూలా నక్షత్రం నాడు అమ్మ ఇంద్రకీలాద్రి మీద నాలుగు గంటలు క్యూలో నిలబడి దర్శనం చేసుకొచ్చింది. నా చేతిలో అక్షింతల పొట్లం పెట్టి, "ఒరే, నీ వాటి మీద నాలుగు వెయ్యరా" అంది. ఈగలు అన్న మాట అప్పుడు కూడా అనలేదు. నేను నవ్వి పొట్లం జేబులో వేసుకున్నాను.

విజయదశమికి నాగదుర్గగారికి సెలవిచ్చాను. ఈగలకి సెలవుండదు, తేనెనీళ్ళ దూది మార్చాలి కాబట్టి బండేసుకుని నేనే వెళ్ళాను. పాత రెండు విడతలూ రాలిపోయింది సరిగ్గా ఈ ఈగలకి అప్పుడున్న వయసులోనే. బోనుల ముందు నిలబడి జేబులో అమ్మ ఇచ్చిన పొట్లం తడుముకున్నాను. తలుపు లోపలి నుంచి గడియ పెట్టాను. నోటీసు తలుపుకి అవతలి పక్క ఉంది, నాకు కనిపించదు, అదొక ధైర్యం. మూడు బోనుల పైకప్పులూ పల్చటి మల్లు గుడ్డే. దాని మీద గుప్పెడు గుప్పెడు అక్షింతలు వేసి, కళ్ళు మూసుకుని, "తల్లీ, వీటిని బతికించు" అన్నాను. పసుపు దట్టంగా పట్టించిన అక్షింతలు, పొట్లంలో గింజల కంటే పొడే ఎక్కువ. తర్వాత గింజ గింజా ఏరి జేబులో వేసుకున్నాను. గుడ్డ కూడా దులిపేసి, ఏమీ ఎరగనట్టు ఇంటికొచ్చాను.

ఈగలు నిజంగానే బతికాయి. సోమవారానికి ఆడ ఈగలన్నీ కడుపులు బరువెక్కి కనిపించాయి. బుధవారం తెల్లారి చేలో వదలాలి. అంతకంటే ఆపలేం, ఆపితే బోనులోనే కనేస్తాయి. బసవపున్నయ్యగారికి ఆదివారమే ఫోన్ చేసి చెప్పేశాను.

వదిలే ముందు ప్రతి విడతలోనూ ఐదు ఈగల్ని చలికి చంపి, గుర్తింపు చూడటం మా రూలు. బయటి ఈగ ఏదైనా బోనుల్లో చొరబడి పిల్లలు పెట్టి ఉంటే, ఇన్నాళ్ళూ మేం మేపింది దాన్నన్నమాట. ఆ గుర్తింపుకి ఒక ప్రశ్నల పట్టిక ఉంటుంది. ఒక్కో ప్రశ్నకి రెండు జవాబులు, జవాబుని బట్టి తర్వాతి ప్రశ్న. మీసానికి ఉన్న సన్నటి పుల్ల నున్నగా ఉందా, ఈకలా ఉందా? వీపు చివర ఉన్న పలక కింద చిన్న బొడిపె ఉందా, లేదా? ఇలా ఒక్కొక్కటే దాటుకుంటూ పోతే పద్నాలుగో ప్రశ్న వస్తుంది. మొహం వెండి పొడి అద్దినట్టు తెల్లగా మెరుస్తోందా, బంగారు పొడి అద్దినట్టు పచ్చగా మెరుస్తోందా? మా ఈగది వెండి మొహం. మూడేళ్ళలో పద్నాలుగు దగ్గర నేను ఆగింది లేదు.

ఆ సోమవారం ఆగాను. మొదటి ఈగ మొహం బంగారం. రెండోది బంగారం. ఐదూ బంగారమే.

ముందు గుండె జారింది. తర్వాత, సిగ్గు విడిచి చెబుతున్నాను, ఎగిరింది. చెరకు చేలల్లో మిగతా అన్ని గుర్తులూ ఇవే ఉండి, మొహం మాత్రం పచ్చగా ఉన్న ఈగ గురించి నేనెక్కడా చదవలేదు. అంటే ఇది కొత్త జాతి అన్నమాట! పది నిమిషాల్లో దానికి పేరు పెట్టేశాను. పక్కన నా పేరు తగిలించాను. పేపరు అచ్చయింది, ఢిల్లీ నుంచి పిలుపొచ్చింది, అమ్మ పక్కింటావిడతో "మావాడి ఈగ" అని నోరారా చెప్పుకుంది. ఇదంతా స్టూలు మీద కూర్చునే.

ఆ ఊహల్లోంచి దిగి వచ్చాక అసలు సంగతి తలకెక్కింది. కొత్తదైనా పాతదైనా అది మా ఈగ కాదు. చెరకు పురుగుని ముట్టుకుంటుందో లేదో తెలియని ఈగని రైతు చేలో వదలడానికి వీల్లేదు. ఇలా కలిసిపోయిన విడతని మొత్తం ఫ్రీజర్‌లో పెట్టి చంపేసి, బోనులు కడిగి, మొదటి నుంచి మొదలుపెట్టాలి. సంఘం అధ్యక్షుడు దుర్గాశంకర్‌గారికి ఫోన్ చేశాను.

"మొత్తం చంపెయ్యాలా?" అన్నారాయన.

"తప్పదండి. సాయంత్రం ఐదింటికి ఫ్రీజర్‌లో పెట్టేస్తాను."

"మరి పున్నయ్యకి ఎవరు చెబుతారు?"

"నేనే చెబుతానండి."

"ఆగండాగండి, నేనొస్తున్నా" అని పెట్టేశారు.

ఆయన కంటే ముందు బసవపున్నయ్యగారే వచ్చారు. టీవీఎస్ బండి చెట్టు కింద ఆపి, నిలువునా చీల్చిన చెరకు గడ ఒకటి పట్టుకుని లోపలికొచ్చారు. గడ లోపల పురుగు తొలిచిన దారి పొడుగునా ఎర్రగా కుళ్ళి ఉంది.

"ఏవండీ తేజాగారూ, బుధవారం ఎన్నింటికి? గట్టు మీద చిన్న పందిరి ఏశానండి, బోనులకి ఎండ తగలకుండా. తాటాకులు కప్పా. సరిపోద్దా?" అన్నారు.

ఈగల కోసం పందిరి వేసిన మనిషికి ఎలా చెప్పాలో తెలియక, ఒక్క గుక్కలో చెప్పేశాను. ఆయన గడని గోడకి ఆనించి నిలబెట్టారు.

"మూడోసారి కదండీ" అన్నారు మెల్లగా. "పోనీండి. మీరు మాత్రం ఏం చేస్తారు?"

తిట్టి ఉంటే బాగుండేది. ఆయన వెళ్ళి బయటి మెట్టు మీద కూర్చుని, తమలపాకుల సంచీ తీసి, ఆకుకి సున్నం రాసుకోవడం మొదలుపెట్టారు. రాసినచోటే మళ్ళీ రాస్తున్నారు.

నాగదుర్గగారు లోపలి గదిలో సీసాలు కడుగుతూ అంతా విన్నట్టున్నారు. చేతులు తుడుచుకుంటూ వచ్చి నా వెనక నిలబడ్డారు.

"సార్, అవి మన ఈగలేనండి."

"మొహం చూశారా మీరు?"

"మొహం చూళ్ళేదు సార్. తీరు చూశా. మనవి కడుపులు నిండాక బోను పైమూలకెళ్ళి తలకిందులుగా వేలాడతాయి. పొద్దున దూది మారుస్తుంటే అన్నీ అలాగే వేలాడుతున్నాయి. బయటి ఈగ అలా చెయ్యదండి."

నాకు ఒళ్ళు మండింది. "తీరులు, వేలాడటాలు పట్టికలో లేవండీ! పద్నాలుగో ప్రశ్న చదవండి. చదివి ఈగ మొహం చూడండి" అని స్టూలు జరిపాను.

ఆవిడ కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని మైక్రోస్కోపు మీదికి వంగారు. చాలాసేపు లేవలేదు. ఈగని గుచ్చిన గుండుసూదిని వేళ్ళతో తిప్పుతూ పక్క నుంచి, కింద నుంచి, వెనక నుంచి చూశారు. పెదాలు కదులుతున్నాయి. పోగులు లెక్కపెడుతున్నారని అర్థమైంది.

"మిగతా పదమూడు ప్రశ్నలూ మన ఈగేనంటున్నాయి కదండీ?"

"అయితే?"

"పదమూడు మంది ఒకటి చెప్పి, ఒక్కడు ఇంకోటి చెబితే, ముందు ఆ ఒక్కణ్ణీ నిలదియ్యాలి కదండీ. మీరు పదమూడు మందినీ పొమ్మంటున్నారు."

నేను ఫ్రీజర్ వైపు చూశాను. గడియారం మూడున్నర చూపిస్తోంది.

"సార్, కోప్పడకుండా ఇటు చూడండి" అన్నారావిడ. "ఇది ఒంటి రంగు కాదండి. అద్దిన రంగు. మా నాన్న నూలు చిలపలకి రంగులేస్తుంటే చిన్నప్పట్నుంచీ చూశా. పోగులోకి దిగిన రంగు అంతటా ఒకటే ఉంటదండి. పైపైన పడిన రంగయితే పీచు మొదట్లో పేరుకుంటది. చూడండి, వెంట్రుకల మొదళ్ళలో ముద్దగా ఉంది, మధ్యలో పల్చగా ఉంది. మోకాళ్ళకి కూడా ఉంది. మోకాళ్ళు బంగారంగా ఉంటాయని మీ పట్టికలో ఉందా?"

లేదు. మోకాళ్ళు నేను చూడనే లేదు. పద్నాలుగో ప్రశ్న మొహం గురించి అడిగింది కాబట్టి మొహమే చూశాను. ఈగ రోజంతా ముందుకాళ్ళు తోముకుని ఆ కాళ్ళతోనే మొహం తుడుచుకునే జీవి. కాళ్ళకి అంటింది మొహానికి ఎక్కుతుంది. ఈ మాట ఏ పిల్లవాణ్ణడిగినా చెబుతాడు.

"ఏం చేద్దాం?" అన్నాను. గొంతు తగ్గిందని నాకే తెలిసింది.

"ఉతికి చూద్దామండి."

ఈగని ఉతకడం ఏమిటని మామూలుగా అయితే ఎగతాళి చేసేవాణ్ణి. నోరు మూసుకుని చిన్న గాజు సీసాలో స్పిరిట్ పోశాను. ఆవిడ ఒక ఈగని చిమటాతో పట్టి అందులో ముంచి, మూత పెట్టి, ఊపి బల్ల మీద పెట్టారు. ఇద్దరం సీసా వైపే చూస్తూ కూర్చున్నాం. స్పిరిట్ మెల్లగా పచ్చబడింది.

ఈగని తీసి కాగితం మీద ఆరబెట్టాం. తడిగా ఉన్నంతసేపూ మొహం నల్లగా ఉంది. ఆరేకొద్దీ అంచుల నుంచి తెల్లబడటం మొదలైంది. పూర్తిగా ఆరేసరికి వెండి మొహం, మూడేళ్ళుగా నాకు తెలిసిన మొహం, నా ముందుంది. ఆ నిమిషంలో నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. నా కొత్త జాతి స్పిరిట్‌లో కలిసిపోయిందన్న బాధ గోరంత కూడా లేదు. బసవపున్నయ్యగారిని కేక వేసి పిలిచాను.

ఆయనతో పాటే దుర్గాశంకర్‌గారు కూడా లోపలికొచ్చారు. సంగతంతా విని, సీసా ఎత్తి వెలుతురుకి పెట్టి చూశారు.

"ఈగ మనదే అన్నారు, బానే ఉంది. మరి ఈ పచ్చదేంటి? ఎవరన్నా పురుగుమందు ఏమన్నా చల్లారా బోనుల మీద? అదే అయితే వీటిని చేలో ఎలా వదులుతాం?"

అది సబబైన ప్రశ్నే. నా దగ్గర జవాబు లేదు, పరీక్ష చేసే సరంజామా కూడా లేదు. నాగదుర్గగారు బసవపున్నయ్యగారి వైపు తిరిగి, "బాబాయిగారూ, కాస్త సున్నం పెట్టండి" అన్నారు. ఆయన డబ్బీ తీసి ఇచ్చారు. ఆవిడ అగ్గిపుల్ల కొనతో సున్నం తీసి, రెండు చుక్కల నీళ్ళలో కలిపి, పచ్చటి స్పిరిట్‌లో వేశారు. సీసా అడుగు నుంచి ఎర్రగా, పెళ్ళిళ్ళలో కాళ్ళకి పెట్టే పారాణిలా రంగు లేచింది.

"పసుపండి" అన్నారావిడ.

బసవపున్నయ్యగారు "ఓరి దీని తస్సాదియ్యా" అని పెద్దగా నవ్వేశారు. దుర్గాశంకర్‌గారు కూడా ముందు నవ్వారు. తర్వాత ఆయన చూపు లోపలికి తెరిచి ఉన్న తలుపు మీది నోటీసుకి వెళ్ళింది. అక్కడి నుంచి నాగదుర్గగారి మీదికి వచ్చింది.

"కిందటేడు చెప్పినా బుద్ధి రాలేదా అమ్మా? మళ్ళీ పూజ చేశావన్నమాట. ఇంకో గంట ఆగుంటే ఆరువందల ఈగలూ పోయేవి, పున్నయ్య చేనూ పోయేది. తేజేశ్వర్‌గారూ, నోటీసులో ఏం రాశారు? చర్య తీసుకుంటామనే కదా?"

అప్పుడు వెలిగింది నాకు. గడియ పెట్టిన తలుపు, మల్లు గుడ్డ, గుప్పెడు గుప్పెడు అక్షింతలు, గుడ్డ దులిపిన నా చేతులు. గింజలు ఏరుకున్నాను కానీ పొడి ఎటు పోయిందో ఆలోచించలేదు. దులిపింది బోనులోకే.

నోరు తెరవాలని తెలుసు. నా సంతకం, నా డాక్టర్, నా నిషేధం తలుపు మీద నుంచి నన్నే చూస్తున్నాయి. నాగదుర్గగారు నా వైపు చూడలేదు. "నేను కాదు" అని కూడా అనలేదు. సీసాకి మూత బిగిస్తూ, "ముందు ఈగల సంగతి చూడండి అయ్యగారూ. నా సంగతి సాయంత్రం మాట్లాడుకోవచ్చు" అన్నారు.

ఇరవై రెండేళ్ళ ఉద్యోగాన్ని ఆవిడ అలా పక్కన పెట్టి, బోనుల్లో దూది తడి ఆరిందేమోనని చూడటానికి వెళ్ళారు. నేను ఇంకెంతసేపు అలా నిలబడ్డానో తెలియదు. రెండు నిమిషాలు అయి ఉండొచ్చు. నా జీవితంలో అంత పొడుగాటి రెండు నిమిషాలు ఇంకెప్పుడూ గడపలేదు.

"నేనేనండి" అన్నాను.

"మీరేంటి?" అన్నారు దుర్గాశంకర్‌గారు.

"పసుపు నాదేనండి. దశమి నాడు నేనే చల్లాను. అమ్మ కొండ మీది అక్షింతలు ఇచ్చింది. రెండు విడతలు పోయాయని భయమేసి... తలుపేసుకుని చల్లాను. ఆవిడ ఆ రోజు రానే లేదు."

దుర్గాశంకర్‌గారు నన్నూ, నోటీసునీ మార్చి మార్చి చూసి, "డాక్టరుగారు" అన్నారు. నాగదుర్గగారి దగ్గరికి వెళ్ళి, "తప్పుగా అన్నానమ్మా" అన్నారు.

నన్ను కాపాడింది బసవపున్నయ్యగారు. "అంటే మా చేలోకొచ్చే ఈగలు అమ్మవారి అక్షింతలు పడిన ఈగలా?" అని మొహం చేటంత చేసుకున్నారు. "మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి బాబూ. బుధవారం ఎన్నింటికో చెప్పండి, నేను పోయి పందిరి సర్దుకోవాలి."

వాళ్ళు వెళ్ళాక నాగదుర్గగారు తన సొరుగు తీసి, ఒక అగ్గిపెట్టె నా ముందు పెట్టారు. తెరిచి చూస్తే ఏడు బియ్యపు గింజలు, పచ్చగా ఉన్నాయి.

"శుక్రవారం ఊడుస్తుంటే బోను కింద దొరికాయండి. ఎవరో పెళ్ళికెళ్ళొస్తే జుట్టులోంచి రాలాయనుకున్నా. తొక్కకూడదని తీసి దాచా. మోకాళ్ళు చూసేదాకా తట్టలేదు సార్."

"మరి ఆయన మిమ్మల్ని అంటున్నప్పుడు ఇవి తీసి చూపించొచ్చు కదండీ? నాకూ మీకూ తప్ప ఇక్కడి తాళం ఎవరి దగ్గరా లేదు. అందరికీ తెలిసిపోయేదిగా."

"మీరు చెబుతారేమోనని చూశానండి."

"చెప్పకపోయి ఉంటే?"

"సాయంత్రం దాకా టైముందిగా సార్" అన్నారావిడ, అగ్గిపెట్టె మూసి మళ్ళీ సొరుగులో పెడుతూ.

మా ఇంట్లో కూడా నన్నెవరూ అంత నమ్మలేదు. మర్నాడు నోటీసు చింపేద్దామనుకుని, మనసు మార్చుకుని, కింద పెన్నుతో ఒక వాక్యం చేర్చాను. "ఇది డాక్టరుకు కూడా వర్తిస్తుంది." ఆవిడ చదివి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు.

బుధవారం పొద్దున్నే ఉయ్యూరు వెళ్ళి, తాటాకు పందిరి కింద బోనులు పెట్టి తెరిచాం. ఈగలు కొన్ని వెంటనే లేచాయి, కొన్ని అంచు మీద కూర్చుని మొహాలు తుడుచుకుని మరీ వెళ్ళాయి. బసవపున్నయ్యగారు చెప్పులు విడిచి నిలబడి చూశారు. నవంబరులో ఆయన గడలు చీల్చి నలభై పురుగులు ఏరి తెచ్చి ఇచ్చారు. ఇరవై ఆరు పురుగుల్లో మా ఈగ పిల్లలున్నాయి. అవి పెరిగి రెక్కలొచ్చాక ఐదింటిని తీసి పట్టిక ముందు పెట్టుకున్నాను. ఈసారి మోకాళ్ళతో సహా చూశాను. పద్నాలుగు దగ్గర వెండి.

డిసెంబరులో ఆయన తొలి వంట బెల్లం రెండు దిమ్మలు తెచ్చారు, ఒకటి ల్యాబ్‌కి, ఒకటి మా అమ్మకి. ఆ రోజే నేను బాకీ ఉన్న పని ఒకటి పూర్తిచేశాను.

మా ల్యాబ్‌లో ఈగల్ని గుచ్చి దాచే చెక్కపెట్టె ఒకటుంది. ఒక్కో ఈగ కింద గుండుసూదికి రెండు చిన్న చీటీలు ఉంటాయి. మొదటి దాని మీద ఊరు, తేదీ. రెండో దాని మీద జాతి పేరు, దాన్ని గుర్తించినవాళ్ళ పేరు. పెట్టెలో మూడువందల ఈగలున్నాయి. గుర్తించినవాళ్ళ పేర్లు మాత్రం ఐదే, నా ముందు పనిచేసిన నలుగురూ, నేనూ. ఆ ఈగల్ని పట్టింది, గుచ్చింది, చీటీలు కత్తిరించింది, ఏటేటా కలరా ఉండలు మార్చి పురుగు పట్టకుండా కాచింది నాగదుర్గగారు.

ఆ సోమవారం చంపిన ఐదింటిలో ఒకదాన్ని ఉతక్కుండా అలాగే ఉంచాను. బంగారు మొహం, బంగారు మోకాళ్ళు. దానికి చీటీ రాశాను. కంకిపాడు, 6 అక్టోబరు 2025. దాని కింద రెండోది. మా ఈగ పేరు. గుర్తించినవారు నాగదుర్గ.

పెట్టె ఆవిడ ముందు పెట్టి భూతద్దం ఇచ్చాను. ఆవిడ ముందు ఈగని చూశారు, తర్వాత చీటీ చదివారు. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని మళ్ళీ చదివారు.

"హాజరు పట్టీలో తప్ప నా పేరు ఇక్కడ ఇంకెక్కడా లేదు సార్" అన్నారు. భూతద్దం పక్కన పెట్టి, "పసుపు సంగతి కూడా రాయండి. రేపు మీ తర్వాత వచ్చే ఆయన చూసి కొత్త జాతి అనుకుంటాడు" అన్నారు.

మూడో చీటీ కత్తిరించి రాశాను. "మొహం మీద ఉన్నది పసుపు. చల్లినది తేజేశ్వర్." ఆవిడే దాన్ని సూదికి గుచ్చారు, చీటీ వంకర పోకుండా.

"నాగదుర్గగారూ, థాంక్సండి" అన్నాను. మూడేళ్ళలో ఆ మాట ఆవిడతో అనడం అదే మొదటిసారి అని, అన్నాక గుర్తొచ్చింది.

"చీటీ మీరు రాసి, థాంక్స్ నాకెందుకు సార్?"

"సాయంత్రం దాకా టైమిచ్చినందుకు."

ఆవిడ పెట్టెలో కొత్తగా రెండు కలరా ఉండలు వేసి, మూత మూసి, టీ పెట్టడానికి వెళ్ళారు. ఆ రోజు టీలో పంచదార బదులు బసవపున్నయ్యగారి బెల్లం వేశారు.